గీత కింది స్వరం

నవంబరు 4, సోమవారం

గువ్వా,

ఇవాళ నీ నాలుగు తీగల గిటారు తుడిచాను. బీరువా పక్కన నువ్వు పెట్టినట్టే ఉంది, మొహం గోడకు తిప్పుకుని. తడిబట్ట తగలొద్దనేదానివి కదా, నీ పాత చున్నీతో తుడిచాను. లావు తీగకు చెయ్యి తగిలి కొంచెం మోగింది. కరెంటు డబ్బాకు కలపకపోతే దానికి గొంతెక్కడిది, పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు. ముందు గదిలో ఉన్న ఎడ్వర్డ్‌కు వినపడింది. లేచి నిలబడ్డాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

పళ్లెంలో అన్నం అట్లే ఉంది. నేనూ తినలేదు. ఉపవాసం అనుకున్నాను. మన ఉపవాస కూడిక శుక్రవారం. అయినా అనుకున్నాను.

నవంబరు 5

రొట్టెలు చేశాను. బస్సు డిపో దగ్గర అమ్ముతూ కూర్చున్నాను. వచ్చాను.

నవంబరు 7

ఉపవాసం.

నవంబరు 10, ఆదివారం

చర్చిలో డ్రమ్ముల ఎడమ పక్క నీ జాగా ఖాళీగానే ఉంచారు. ఎవరూ నిలబడరు, ఎవరూ అటు నడవరు కూడా. ఎడ్వర్డ్ వెనక బెంచీలో కూర్చున్నాడు, కొత్తగా వచ్చినవాళ్లు కూర్చునే చోట.

ప్రార్థన అయ్యాక సాలోమోను పాస్టరు గారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. "ఎడ్వర్డూ, సెమీ క్రిస్మస్ వస్తాంది. శామీర్‌పేట సంఘమోళ్లతోని కలిసి చేస్తున్నం. నువ్వు గిటార్ పట్టాలె నాయినా."

"చూద్దాం అయ్యగారు."

"చూసుడేంది? మెట్ల పాట లేకుంటే మన సంఘం ఉన్నట్టేనా?"

ఆటోలో వస్తుంటే అన్నాడు, "నేనొక్కణ్ణి వాయిస్తే అది పాట గాదు అత్తమ్మా."

మెట్ల పాట మీరిద్దరూ కట్టుకున్నది. పెళ్లయిన కొత్తలో, ఈ ఇంట్లోనే, వంటింటి గడప మీద కూర్చుని. మాటలు, రాగం అతనివి. అడుగున మోగేది నీది. నేను రొట్టె తడుతూ అడిగేదాన్ని, "నువ్వేం వాయిస్తున్నవే, ఏం వినపడ్తలే" అని. నువ్వు నవ్వేదానివి. "వినపడదు అమ్మా. నేను ఆపితే తెలుస్తది."

సెప్టెంబరులో ఆపావు. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు అన్నారు. తెల్లారి ఇంటికి పంపిస్తాం అని కూడా అన్నారు.

నవంబరు 17, ఆదివారం

గాజులరామారం నుంచి రోజీ వచ్చింది. ఎడ్వర్డ్ అక్క అని మనకు తెలుసు గానీ అతనికి ఆమె తల్లే. తల్లి పోయాక ఆమే సాకింది. గుమ్మంలో నుంచే మొదలుపెట్టింది.

"నా తమ్ముడేంది గిట్ల అయిండు? మెడ బొక్కలు కనబడ్తున్నయ్!"

"తింటనే ఉన్నడు," అన్నాను.

"ఏం తింటుండు, గాలి తింటుండా? మేడ్చలంత మీ రొట్టెలే తింటరు అత్తమ్మా, అల్లుడు తప్ప."

నేను చాయ్ పెట్టాను. ఇంకేం చేస్తాను?

ఆమె గొంతు తగ్గించింది. "నా ఇంటికి తోల్కపోత. మీ బిడ్డ ఉంటే దీన్ని ఇల్లరికం అంటరు. బిడ్డ లేకుంటే ఏమంటరు అత్తమ్మా, చెప్పుండ్రి?"

ఎడ్వర్డ్ లోపలి నుంచి వచ్చాడు. "అక్కా, చాయ్ సల్లగైతాంది, తాగు. నాకు కంపెనీ క్యాబు ఇక్కడికే వస్తది. గాజులరామారం నుంచి తుర్కపల్లికి పోవాలంటే సగం దినం రోడ్డు మీదనే."

"క్యాబు కోసం అత్తగారింట్ల ఉన్నోన్ని నిన్నే చూసిన," అంది రోజీ.

నవంబరు 18

క్యాబు కోసమే ఉంటున్నాడు. తనే అన్నాడు. నేను ఉండమని ఒక్కసారి కూడా అడగలేదు గువ్వా. అడిగానా? అడగలేదు.

నవంబరు 21

ఇవాళ డ్యూటీ నుంచి వచ్చి మొహం కడుక్కున్నాక అడిగాను.

"నాకు నేర్పు బిడ్డా."

"ఏంది అత్తమ్మా?"

"గువ్వ వాయించేది."

నా దిక్కు చూశాడు. చిన్నప్పుడు మన సంఘం సండే స్కూల్లో వాక్యం మరిచిపోతే ఇట్లాగే చూసేవాడు. "తీగలు లావుంటయ్. వేళ్లు బొబ్బలెక్కుతయ్."

చేతులు ముందు పెట్టాను. తెల్లారి లేస్తే పెనం మీద జొన్నరొట్టె తిప్పే చేతులు. "గీటికి ఇంకేం బొబ్బలొస్తయ్?"

పాట కాగితం తెచ్చాడు. తెలుగు మాటల మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి ఉన్నాయి. ఏడో తరగతి దాకా చదివినదాన్ని, అక్షరాలు వస్తాయి. సీ. తర్వాత జీ, దాని పక్కన ఏటవాలు గీత, గీత తర్వాత బీ. ఆ తర్వాత ఏ-మైనరు. మళ్లీ ఏ-మైనరు, గీత, జీ. చివరికి ఎఫ్.

"దాన్ని స్లాష్ అంటరు," అన్నాడు. "గీత ఉన్నది స్లాష్ కార్డు."

"గా గీత నాకెరుకే. మన గువ్వ ఆధార్ కార్డు మీద ఉంటది కద. రెబెక్కా, డబ్ల్యూ, గీత, ఓ, ఎడ్వర్డ్. గీత ముందు మనిషి పేరు, తర్వాత ఎవల మనిషో రాస్తరు. అంటే గీ జీ, బీ పెండ్లాం."

ఎడ్వర్డ్ నవ్వాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేట్టు. సెప్టెంబరు తర్వాత ఇదే మొదలు. "బ్యాండోళ్లు వింటే సస్తరు అత్తమ్మా!"

నేను కూడా నవ్వాను. నిజంగానే నవ్వాను గువ్వా, కోపం చేసుకోకు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. గీతకు ముందున్నది అతను పట్టే కార్డు. నాలుగు వేళ్లతో మూడు స్వరాలు కలిపి ఒక్కసారి మోగించేది. గీత తర్వాతది ఒకటే స్వరం, అన్నిటికన్నా అడుగున మోగాలి. "గీతలు తీసేస్తే అడుగుది సీ నుంచి జీకి దుంకుతది, కాలు జారినట్టు. గీతలుంటే సీ, బీ, ఏ, జీ, ఎఫ్. ఒక్కొక్క మెట్టు దిగుతది. మీది జీ నేను కొడ్త. కింది బీ తను కొడ్తది."

కొడ్తది అన్నాడు. నేను సరిదిద్దలేదు.

నవంబరు 24

పై నుంచి రెండో తీగ. గిటారు మెడ మీద మూడో గడి, రెండో గడి, ఖాళీ. తర్వాత అన్నిటికన్నా లావు తీగ. మూడో గడి, ఒకటో గడి.

ఖాళీ అంటే వేలు పెట్టకుండా తీగను ఊరికే మోగించడం. నాకు అదే కష్టంగా ఉంది. వేలు ఎక్కడా ఆనకపోతే ఏం చేస్తున్నట్టూ అనిపించదు.

నవంబరు 27

డిపో దగ్గర రొట్టె తడుతూ "మూడు, రెండు, ఖాళీ, మూడు, ఒకటి" అనుకుంటున్నాను. నా పక్కన పల్లీలు అమ్మే బాలమణి తల తిప్పింది. "ఏందే సుందరమ్మా, రొట్టెల మీద అష్టాచెమ్మ ఆడుతున్నవా?"

చెప్పాను. ఆమె పల్లీలు వేయించడం ఆపింది. "గీ వయసుల గిటారా? మంచిగుంది. రేపు నాకు డ్యాన్స్ నేర్పు."

డిసెంబరు 1, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక కూర్చున్నాం. రెండో మెట్టు దగ్గర నేను తప్పు చేస్తూనే ఉన్నాను. కాగితం మీద మొదట కనిపించేది జీ కదా, నా వేలు జీ మీదికే పోతుంది. రెండు జీలు కలిసి మోగితే చెవికి బాగానే ఉంది. కానీ పాట దిగదు, అక్కడే నిలబడిపోతుంది.

"జీ నా దగ్గర ఉంది అత్తమ్మా. మీరు గీత దాటి చూడుండ్రి."

మళ్లీ జీ. మళ్లీ. అతను ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నువ్వైతే "అమ్మా!" అని నెత్తి కొట్టుకునేదానివి. ఆ మాట అతనితో అన్నాను. "అవును, కొట్టుకుంటుండె," అని లేచి మంచినీళ్లకు పోయాడు. చాలాసేపటి దాకా రాలేదు.

డిసెంబరు 6

ఐదు మెట్లూ వచ్చాయి! అతను పైన, నేను కింద. గోడ మీది గడియారం వణికింది. నువ్వు వాయించినప్పుడు కూడా వణికేది కదా, అప్పుడు పక్క సందులో లారీ పోతుందని అనుకునేదాన్ని.

డిసెంబరు 7

ఉపవాసం. నిన్న కూడా.

డిసెంబరు 15, ఆదివారం

గువ్వా, శామీర్‌పేటలో వాయించాను. షామియానా కింద, నక్షత్రాలు కట్టిన కర్రల మధ్య, డ్రమ్ముల ఎడమ పక్క నిలబడి వాయించాను. వేళ్లు ఒక్క మెట్టు కూడా తప్పలేదు. ఎడ్వర్డ్ పాడాడు. పాట మెట్టు మెట్టు దిగి వచ్చింది. సాలోమోను గారు కళ్లు తుడుచుకున్నారు. ఆడవాళ్లంతా వచ్చి పట్టుకున్నారు. "అచ్చం రెబెక్కా లెక్కనే ఉండె సుందరమ్మా" అన్నారు. ఒకరు కాదు, అందరూ అన్నారు.

మస్తు సంతోషమైంది. ఇంక ప్రతి ఆదివారం వాయిస్తాం. ఈ పాటకు ఇద్దరు ఉండి తీరాలి, ఒకరు పైన, ఒకరు కింద. ఒకరు పోతే రెండోవాళ్లకు కుదరదు. పాటలోనే అట్లా ఉంది. నేను పెట్టింది కాదు.

డిసెంబరు 16

నిన్న అక్కడ ఇచ్చిన బిర్యానీ పొట్లం ఎడ్వర్డ్ సంచిలో అట్లే పులిసి ఉంది.

డిసెంబరు 19

బాలమణి కూడా ఆ రోజు శామీర్‌పేటకు వచ్చింది. బిర్యానీకే వచ్చానని ఆమే చెప్పుకుంటుంది. ఇవాళ పల్లీలు చెరుగుతూ చెరుగుతూ అంది.

"ఒకటి చెప్పాల్నా సుందరమ్మా? నీ అల్లుడు నిన్ను జూడలే. నువ్వు నిల్సున్న జాగను జూసిండు. పాట ఐపోయి నువ్వు దిగినంక గూడ గా జాగనే జూస్తుండె."

"నీకేం తెలుసు పాటల సంగతి?"

"పాటల సంగతి నాకెట్ల తెలుస్తది? మొగడు సచ్చిన సంగతి తెలుసు. నా అత్త నన్ను పుట్టింటికి పోనియ్యలే. కొడుకు బట్టలు నాతోని రోజు ఉతికిపిచ్చేది. తొడిగెటోడు లేడు, ఉతుకుడు మాత్రం తప్పలే."

"నువ్వు పల్లీలు అమ్ముకో," అన్నాను.

డిసెంబరు 20

బాలమణికి ఏమీ తెలియదు.

డిసెంబరు 22, ఆదివారం

పాట బాగా వచ్చింది. నేను అతని మొహం చూడలేదు. తీగలనే చూసుకున్నాను.

డిసెంబరు 25

క్రిస్మస్. మూడు పళ్లేలు పెట్టాను. అలవాటు. ఎడ్వర్డ్ ఒకటి తీసి లోపల పెట్టాడు. కాసేపాగి తన పళ్లెం కూడా తీసి లోపల పెట్టాడు.

జనవరి 5, ఆదివారం

నాకు రెండు రోజులుగా జ్వరం. నిన్న ఎడ్వర్డ్ డ్యూటీ మానేసి రక్తపరీక్ష చేయించాడు. ఆ కాగితం తెచ్చిన అమ్మాయిని "ప్లేట్‌లెట్లు ఎన్ని? సరిగ చూడమ్మా" అని అడిగిందే అడిగాడు. మామూలు జ్వరమని ఆమె చెప్పింది, డాక్టరు చెప్పాడు. అతను నమ్మలేదు. ఇంటికొచ్చాక నా గది గుమ్మంలో కింద కూర్చున్నాడు, నీ మంచం పక్కన ఎట్లా కూర్చున్నాడో అట్లా, మోకాళ్లు పట్టుకుని. అప్పుడు చూశాను గువ్వా. చొక్కా లోపల మనిషి లేడు.

ఇవాళ నేనే గట్టిగా చెప్పి అతణ్ణి చర్చికి పంపించాను. జ్వరమని తెలిసి రోజీ వచ్చింది, గంజి కాచింది. ఈసారి దెప్పలేదు. దానికే నాకు భయమేసింది.

"అత్తమ్మా, నేను కొట్లాటకు రాలే. పెండ్లి గిండ్లి గూడ మాట్లాడ్తలేను. కొన్ని దినాలు నా ఇంట్ల పెట్టుకుంట, ముందు మనిషిని జేస్త అన్న. మా ఆయన జీడిమెట్ల కంపెనీల బండి గూడ మాట్లాడిండు, డ్యూటీకి దింపనీకె. రాడంట."

"క్యాబు..."

"క్యాబు గాదు అత్తమ్మా!" గంజి గిన్నె కింద పెట్టింది. "నేను పోతే అత్తమ్మ పాటకు పైన ఎవలు వాయిస్తరు అంటుండు. మీరొక్కరే అయితరంట. పాట కోసం సస్తడా వీడు?"

నేను గంజి తాగాను. రెండు గుక్కలు. గిన్నె పక్కకు జరిపాను.

ఎడ్వర్డ్ కూడిక అయిపోకముందే వచ్చేశాడు. మెట్ల పాట మొదలుపెట్టి, రెండో మెట్టు దగ్గర ఆపేశాడట. "కింద ఏం లేదత్తమ్మా," అన్నాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ నా దిక్కు చూశారు. నేను గోడకు తిరిగి పడుకున్నాను, నీ గిటారు లాగా.

జనవరి 6

రాత్రంతా ఒకటే ఆలోచన. పొద్దున డ్యూటీకి పోయే ముందు అడిగాను.

"గా గీత కార్డు ఒక్క మనిషి వాయించరాదా? ఒక్క గిటార్ మీద? రెండూ?"

బూటు తొడుక్కుంటున్నవాడు ఆగాడు. "వస్తది."

"మరి నువ్వెందుకు నేర్చుకోలే?"

"అవసరం పడలే. తనుండె కద. తర్వాత మీరున్నరు."

"ఇప్పుడు పట్టు."

"క్యాబొస్తది అత్తమ్మా."

"రానీ."

ఒక కాలికి బూటు, ఒక కాలికి లేదు. తన ఆరు తీగల గిటారు తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. జీ పట్టాడు. తన చేతిని తనే కొత్తగా చూసుకున్నాడు. అన్నిటికన్నా పైనున్న లావు తీగను నొక్కిన వేలు ఒకటి ఉంది. దాన్ని ఎత్తేశాడు. ఆ తీగను వదిలేసి మిగతావి మోగించాడు.

బీ మోగింది గువ్వా. నీ రెండో మెట్టు. నీ గిటారంత లావు గొంతు కాదు, సన్నగా ఉంది. కానీ అదే.

"కొత్త వేలేం పెట్టలే అత్తమ్మా," అన్నాడు. "జీ పట్టిన ప్రతిసారి బీ నా వేలు కిందనే ఉంది. మీదికెళ్లి లావు తీగ మోగుతుంటే వినపడలే. గదొక్కటి ఇడిస్తే సాలు."

ఏడ్చాడు. మట్టి వేసిన రోజు కూడా అట్లా ఏడవలేదు. గిటారు మీద బోర్లా పడి ఏడ్చాడు, తీగలన్నీ ఒకదానికొకటి తగిలి మోగాయి. బయట క్యాబు వాడు హారను కొట్టి కొట్టి పోయాడు. నేను వీపు నిమిరాను. అల్లుడి వీపు మీద చెయ్యి వేయడం ఇదే మొదలు.

కాసేపటికి అన్నాను, "నాలుగో మెట్టు గూడ పట్టు."

"గది కష్టం. చిటికెన వేలు సాపాలె."

"సాపు."

జనవరి 9

అతను వాయిస్తుంటే నేను నీ గిటారు ముట్టుకోలేదు. చేతులు కింద పెట్టుకుని కూర్చున్నాను. ఖాళీ తీగ లెక్క. కష్టంగానే ఉంది.

జనవరి 13

రోజీకి ఫోను చేశాను. "పాట ఒక్కడే వాయిస్తుండు," అని చెప్పాను. ఆమెకు అర్థమైంది. ఎప్పుడు రావాలో అడిగింది. నెలాఖరుకు రమ్మన్నాను. ఫోను పెట్టేశాక మళ్లీ చేసి వద్దందామని తీశాను. చెయ్యలేదు.

జనవరి 15

ఎడ్వర్డ్‌కు చెప్పాను. "నన్ను ఎల్లగొడ్తున్నరా అత్తమ్మా?" అన్నాడు.

"అవును," అన్నాను. "బాలమణి డ్యాన్స్ నేర్సుకుంటదంట. జాగ సాలదు."

నవ్వబోయాడు. నవ్వలేదు. పళ్లెం ముందు పెట్టాను. నేనూ ఎదురుగా పళ్లెం పెట్టుకున్నాను. నేను ముద్ద పెట్టుకునే దాకా అతను పెట్టుకోలేదు. ఇన్ని రోజులు దీనికోసమే చూస్తున్నాడా? నా ఉపవాసం చూసి అతనిది, అతనిది చూసి నాది. తిన్నాను. అతను తిన్నాడు.

జనవరి 26, ఆదివారం

నేను ఆడవాళ్ల వరసలో కూర్చున్నాను. ఎడ్వర్డ్ ఒక్కడే నిలబడి మెట్ల పాట వాయించాడు. మొదటి మెట్టు, రెండో మెట్టు. నాలుగో దాని దగ్గర చిటికెన వేలు జారింది. ఆగలేదు, పోయాడు.

పక్కామె చెవిలో అంది, "ఇయ్యాల నువ్వు లేకపోతివి, కింద వినపడ్తలే కద."

"వినపడ్తాంది," అన్నాను.

నీ జాగా వైపు అతను ఒకసారి చూశాడు. తర్వాత తన వేళ్లు చూసుకున్నాడు.

ఫిబ్రవరి 1

ఎడ్వర్డ్ బాబూ,

ఇన్నాళ్లు ఈ పుస్తకంలో మా గువ్వకే రాశాను. ఈ ఒక్క కాగితం నీకు. చించి నీ టిఫిను డబ్బాలో రొట్టెల మీద పెడుతున్నాను, నూనె అంటితే ఏమనుకోకు. మీ అక్క వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది, నువ్వు బట్టలు సర్దుతున్నావు, అందుకే తొందరగా రాస్తున్నాను.

నాలుగు తీగలది నా దగ్గరే ఉంటుంది. దాన్ని గోడకు తిప్పి పెట్టను, ఇటు తిప్పి పెడతాను. పొద్దుగూకాక కాసేపు వాయించుకుంటాను. నా గురించి పరేషాన్ కావొద్దు, సందంతా వినపడకపోయినా గడియారానికి వినపడుతుంది.

అక్కడ ఏ సంఘంలో వాయించినా వాయించు. ఎప్పుడన్నా నీ పక్కన కింద వాయించే మనిషి నిలబడితే, జాగా ఇవ్వు. గువ్వ ఏమీ అనుకోదు. నేను ఏమన్నా అనుకుంటే నేను చూసుకుంటాను.

మనసు బాగాలేనినాడు జీ పట్టి ఆ ఒక్క వేలు ఎత్తు.

డబ్బాలో జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు పెట్టాను. మీ అక్క దగ్గర మొహమాటపడకు, అడిగి పెట్టించుకో. నేను కూడా ఇప్పుడే పళ్లెం పెట్టుకుంటున్నాను. సల్లారకముందే తిను బిడ్డా, కడుపు నిండా తిను.